లవణాక్షి దీవి

తూర్పు సముద్రపు ఒడ్డున శంఖద్వారమనే రాజ్యాన్ని పూర్వం వీరకేతుడనే రాజు పాలించేవాడు. లోతైన రేవు, కొండల దాకా పరుచుకున్న వరిచేలు, ఏ వీధిలో తవ్వినా తియ్యటి నీళ్ళు. అలాంటి రాజ్యానికి ఉన్నట్టుండి ఉప్పుగాలి పట్టుకుంది.

సముద్రం మీది నుంచి వీచే గాలితోపాటు తెల్లటి పొడి ఎగిరివచ్చి ఊళ్ళ మీద రాలేది. పైరు మాడిపోయింది. బావుల్లో నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పనయ్యాయి. పసిబిడ్డకు గుక్కెడు మంచినీళ్ళు పట్టాలంటే తల్లులు బిందెలు నెత్తిన పెట్టుకుని కొండల దాకా నడవవలసి వచ్చింది. అక్కడి ఊటల్లో కూడా రోజురోజుకూ తీపి తగ్గి, చివరికి ఉప్పు రుచి తగలసాగింది.

ఈ ఆపద ఎందుకు వచ్చిందో రాజ్యంలో అందరికీ తెలుసు. రాజుగారి కొడుకు చంద్రకేతుడు ఓడ మీద విహారానికి వెళ్ళి, తుపానులో దారితప్పి నడిసముద్రంలోని ఒక దీవి చేరుకున్నాడు. దీవి నిండా తెల్ల పక్షుల గూళ్ళు, గూళ్ళ నిండా గుడ్లు. ఓడలో తిండికి కొదవ లేదు. అయినా సరదా కోసం రాకుమారుడు గుడ్లన్నీ ఏరించి విందు చేశాడు. తినగా మిగిలినవాటిని ఒకరి మీద ఒకరు విసురుకుని ఆడుకున్నారు. అప్పుడు అలలు చీల్చుకుని, ఆ దీవిని కాపాడే లవణాక్షి అనే యక్షిణి పైకి లేచింది.

"పిట్టల ఉసురు పోసుకున్నవాడివి, పిట్టవై బతుకు!" అని ఆమె చెయ్యి విసిరేసరికి రాకుమారుడు పక్షిగా మారి, వేల పక్షుల మధ్య కలిసిపోయాడు. వణికిపోతున్న నావికులతో ఆమె ఇలా అన్నది: "మీ రాజుకు చెప్పండి. వాడిని ఎవరైనా గుర్తుపట్టి ముట్టుకున్ననాడు శాపం తీరుతుంది. అంతవరకు మీ రాజ్యం మీద ఉప్పు కురుస్తూనే ఉంటుంది. తప్పు పక్షిని ముట్టుకున్నవాళ్ళు ఉప్పు బొమ్మలైపోతారు. దీవిలో అడుగుపెట్టిన రోజు పొద్దుగుంకేలోగా తేల్చుకోలేకపోయినా అదే గతి."

పేరుమోసిన వీరులు ఓడలెక్కి వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి వీరకేతుడు తానే బయలుదేరబోతుంటే, కూతురు తరళ అడ్డుపడింది.

తరళకు చిన్నప్పటి నుంచీ ప్రాణుల్ని గమనించడమే లోకం. చీమల బారు పక్కన కూర్చుంటే అన్నానికి పిలిచినా వినిపించేది కాదు. అంతఃపురంలో ఆడవాళ్ళు "ఈ పిల్లకు పురుగుల పిచ్చి" అని నవ్వుకునేవారు.

"నాన్నగారూ, అన్నయ్యను యుద్ధం చేసి గెలవక్కరలేదు. గుర్తుపడితే చాలు" అన్నది తరళ.

"గుర్తుపట్టడానికి ముందు ప్రాణాలతో చేరాలి కదమ్మా! వెళ్ళిన ఓడ ఒక్కటైనా తిరిగొచ్చిందా?"

"రాలేదు. వెళ్ళినవాళ్ళందరూ కత్తి పట్టడం వచ్చినవాళ్ళే. పక్షి ఎలా బతుకుతుందో చూసినవాడు ఒక్కడూ వెళ్ళలేదు. నన్ను వెళ్ళనివ్వండి."

బయట, గాలికి రాలిన ఉప్పు కిటికీ గడప మీద పేరుకుంటోంది. రాజు దానిని చేత్తో తుడిచి, "వెళ్ళిరా తల్లీ" అన్నాడు.

ఓడ నడపడానికి సరంగు పోలయ్య ముందుకు వచ్చాడు. రాకుమారుడి ఓడ నడిపింది అతడే. "ఆ గుడ్లు ఇసిరినోళ్ళలో నానూ ఉన్నాను సిన్నమ్మా. సచ్చినా బతికినా మీతోనే" అన్నాడు.

ఓడ ఆగ్నేయ దిక్కుగా సాగింది. వారాలు గడిచాయి. ఎటు చూసినా నీళ్ళే గాని పీపాల్లోని మంచినీరు అడుగంటింది. నావికుల పెదవులు పగిలి, మాట పెగలని స్థితికి వచ్చినప్పుడు ఒక పచ్చటి దీవి కనిపించింది. తీరానికి దగ్గరలోనే, అద్దంలా మెరుస్తూ ఒక మడుగు. నావికులు పడుతూ లేస్తూ దానివైపు పరుగెత్తారు.

తరళకూ దాహంతో ప్రాణం పోతోంది. కాని మడుగు దగ్గరికి రాగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గట్టు మీద మెత్తటి బురద ఉన్నది, బురదలో ఏ జంతువు అడుగూ లేదు. నీటి మీద తూనీగ లేదు. ఒక కప్ప అయినా బెకబెకమనడం లేదు.

"ఆగండి! ముట్టుకోకండి!" అని అరుస్తూ ఆమె ముందుకు దూకి, దోసిలి పట్టబోతున్న నావికుణ్ణి వెనక్కి లాగింది.

అదే క్షణంలో మడుగు రెండు గట్లూ ఫెళ్ళున మూసుకున్నాయి. గట్ల వెంబడి తెల్లటి రాళ్ళనుకున్నవి కోరలు! నేల కంపించింది. మళ్ళీ గట్లు తెరుచుకుని, లోపలి నుంచి ఒక గొంతు ఉరిమింది.

"ఎవరే అది, నా నోటికాడి కూడు పడగొట్టింది?"

మడుగు అనుకున్నది ఒక రాక్షసుడి నోరు! ఏనాటి శాపమో, వాడు మెడదాకా కాదు, నోటిదాకా భూమిలో కూరుకుపోయి ఉన్నాడు.

నావికులు చెల్లాచెదురయ్యారు. తరళ మాత్రం కదలలేదు. "నేను శంఖద్వారపు రాజు కూతుర్ని. నీ నీళ్ళ దగ్గర ఒక్క ప్రాణి అడుగు కూడా లేదు. అందుకే అనుమానం వచ్చింది" అన్నది.

"ఓహో! ఇంతకాలం ఎందరో వచ్చారు. అందరూ నీళ్ళ వంకే చూశారుగాని బురద వంక చూసినవాడు లేడు. తెలివైనదానివే. అయితే విను. ఈ దీవిలో మంచినీళ్ళున్నాయి. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా కనిపెట్టావా, వదిలేస్తాను. లేదా, నేను ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నానంటే దీవీ నీ ఓడా సముద్రంలో కలుస్తాయి."

తరళ ఒక బండ ఎక్కి కూర్చున్నది. పోలయ్య ఆత్రం పట్టలేక, "కూసుంటే ఎలాగమ్మా! తలో దిక్కూ ఎతుకుదాం" అన్నాడు. ఆమె పెదవి మీద వేలు పెట్టుకుని ఆకాశం చూపించింది. అడవి గువ్వలు జంటలు జంటలుగా పోతున్నాయి. కొన్ని బాణాల్లా, నేలకు దగ్గరగా, ఒకే దిక్కుకు. మరికొన్ని అటునుంచే వస్తున్నాయి, కాని బరువుగా, ఆగి ఆగి కొమ్మల మీద వాలుతూ.

"కడుపునిండా నీళ్ళు తాగిన పిట్ట అలా ఎగురుతుంది" అంటూ ఆమె లేచి పరుగెత్తింది. ముళ్ళు చీరుకుంటున్నా ఆగకుండా గువ్వలు పోయే దిక్కుకు వెళ్ళగా, రెండు కొండరాళ్ళ ఇరుకులో సన్నటి ఊట కనిపించింది. దోసిట పట్టి తాగితే కొబ్బరినీళ్ళలా ఉన్నది. అప్పటికి పొద్దు నడినెత్తికి జానెడు దూరంలో ఉన్నది.

రాక్షసుడు గుర్రుమన్నాడు గాని మాట తప్పలేదు. "లవణాక్షి దీవికేనా? ఇలాగే ఆగ్నేయంగా పోండి. దారిలో సుడిగుండం ఉంది, జాగ్రత్త!" అని ఆకలిగా నోరు మూసుకున్నాడు.

ఈ గెలుపుతో నావికులు తరళను దేవతలా చూడసాగారు. ఆమె మనసులోనూ, పిట్టలు తనతో అబద్ధమాడవన్న ధీమా పాతుకుపోయింది.

కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం తెల్ల పక్షుల గుంపు ఒకటి ఓడ మీదుగా తూర్పుకు పోయింది. "పొద్దుగూకే వేళ పక్షులు గూటికి పోతాయి. అటే దీవి!" అని తరళ సంబరంగా అరిచింది. పోలయ్య ఒక్క క్షణం తటపటాయించి, చుక్కాని తిప్పాడు.

పోయినకొద్దీ ఓడ వేగం పెరిగింది. తెడ్లు వెయ్యకుండానే నీరు ఓడను లాక్కుపోతోంది. ముందు సముద్రం గిన్నెలా గుంటపడి గిరగిర తిరుగుతోంది. ఆ గుంట చుట్టూ పక్షులు కేరింతలు కొడుతూ, సుడికి పైకి తేలిన చేపల్ని ఏరుకుంటున్నాయి!

"చుక్కాని తిప్పు పోలయ్యా!" అని తరళ కేక వేసింది. తిప్పడానికి ఏమున్నది? చుక్కాని ఫట్టున విరిగి పోలయ్య చేతిమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. ఓడ ఒరిగి, మంచినీటి పీపాలు ఒకదాని వెంట ఒకటి దొర్లి సముద్రంలో పడ్డాయి. ఇక అందరూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్న సమయంలో, కిందినుంచి ఏదో ఓడను ఎత్తిపట్టినట్టు దడాలుమన్నది. ఓడ సుడిలోంచి మెల్లగా వెనక్కి జరిగింది.

నీళ్ళలోంచి గుమ్మటమంత వీపు, ఆ వెనుక ముడతలుపడ్డ తల పైకి వచ్చాయి. అది ఒక మహా కూర్మం. దాని ఒక కన్ను మీద గవ్వపురుగులు గట్టిగా అతుక్కుని, రెప్ప మూతపడి ఉన్నది.

"ఎవరు ఓడను ఇటు తిప్పింది?" అన్నది తాబేలు.

తరళ తలవంచుకుని ముందుకు వచ్చింది. "నేనే, అవ్వా. పక్షులు గూటికి పోతున్నాయనుకున్నాను."

"వాటి ముక్కులు చూశావా?"

చూడలేదన్నట్టు తరళ తల అడ్డంగా ఊపింది.

"పిల్లలున్న పక్షి గూటికి పోయేటప్పుడు ముక్కున చేప ఉంటుంది. ఖాళీ ముక్కుతో పోతోందంటే వేటకు పోతోందన్నమాట. నీకు దీవి కావాలి గనక దీవే కనిపించింది. ఉన్నది చూడలేదు, కోరుకున్నది చూశావు."

విరిగిన చెయ్యి పట్టుకుని మూలుగుతున్న పోలయ్యను చూసి తరళకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "తప్పంతా నాదే పోలయ్యా" అన్నది.

"సముద్రం మీద తప్పు సెయ్యనోడు ఎవడమ్మా? ముందు ఆ ముసలమ్మ కన్ను సూడండి, పాపం" అన్నాడు అతను పళ్ళు బిగించి.

తరళ నీళ్ళలోకి దిగి, అలలకు జారిపోతూ, చిన్న కత్తితో ఒక్కొక్క గవ్వపురుగునూ రెప్ప కోసుకుపోకుండా ఊడదీసింది. తాబేలు చాలాకాలానికి ఆ కన్ను తెరిచి లోకాన్ని చూసింది. మరేమీ అనకుండా ఓడ తాడు నోట కరుచుకుని, ఆ రాత్రంతా ఈది, తెల్లవారుజామున తెల్లటి దీవి ముందు వదిలిపెట్టి మునిగిపోయింది. ఓడలో మిగిలిన మంచినీరు తరళ నడుముకున్న సొరకాయ బుర్రలోనిదే. దానిని ఆమె పోలయ్య జ్వరానికి తప్ప ముట్టలేదు.

ఆమె ఒంటరిగా దీవి మీద అడుగుపెట్టింది. పోలయ్య పడవలో ఒడ్డుకు దగ్గరగా ఉండిపోయాడు.

ఒడ్డంతా ఉప్పు బొమ్మలు. కత్తులు కట్టుకున్న వీరులు, ప్రతివాడూ ఎదురుగా ఏదో పక్షి ఉన్నట్టు చెయ్యి చాచి, అలాగే గడ్డకట్టిపోయాడు. వారి ముఖాలమీద భయం లేదు. సంతోషం ఉన్నది! అది చూసి తరళ ఒళ్ళు జలదరించింది. వీళ్ళందరూ తమకు రాకుమారుడు దొరికాడనే అనుకున్నారు.

బొమ్మల వెనుక, కనుచూపుమేర తెల్ల పక్షులు. అన్నీ ఒకే ముద్దలోంచి చేసినట్టున్నాయి. నడిమి రాతి మీద, తెల్లటి జుట్టు గాలికి ఎగురుతుండగా, లవణాక్షి కూర్చుని ఉన్నది.

"నీకూ చెయ్యి దురదగా ఉందా?" అన్నది యక్షిణి. "చూడు. పొద్దు వాలేదాకా చూడు."

తరళ పక్షుల మధ్య కూర్చున్నది. మొదట అవి ఆమె నెత్తిమీద పొడిచాయి. ఆమె కదలకపోయేసరికి ఊరుకున్నాయి. ఆమె చూస్తూ ఉన్నది. ఎండ ఎక్కింది. పాదాలకు చల్లగా తగిలి చూసుకునేసరికి, ఇసుకలోంచి ఉప్పు పైకి పాకి కాలివేళ్ళను కప్పేసింది. లాగితే రాలేదు.

మధ్యాహ్నానికి ఉప్పు మోకాళ్ళ దాకా వచ్చింది. అప్పుడు ఒక పక్షి నడుచుకుంటూ వచ్చి ఆమె ఎదుట నిలబడింది. ఆమె ముఖంలోకి చూసి సన్నగా అరిచింది. దాని ముఖం మీదుగా నీటిబొట్లు జారుతున్నాయి!

"అన్నయ్యా!" తరళ చెయ్యి దానంతటదే లేచింది.

"అదేనమ్మా! ఏడుత్తన్నాడు సూడండి! ముట్టుకోండి, ముట్టుకోండి!" అని పడవలోంచి పోలయ్య అరిచాడు.

వేళ్ళు పక్షికి అంగుళం దూరంలో ఉండగా, 'నాకు కావాలి గనక కనిపిస్తోందా?' అన్న ఆలోచన ఆమెను సూదిలా పొడిచింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్షి తల విదిలించింది. ఒక బొట్టు ఆమె మణికట్టు మీద పడింది. నాలుకతో తాకి చూసింది. చేదనిపించేంత ఉప్పు. ఏ కన్నీరూ అంత ఉప్పగా ఉండదు.

ఆమె ఇప్పుడు మిగతా పక్షుల ముఖాలు చూసింది. ఒక పక్షి సముద్రపు నీరు తాగి వచ్చింది. కాసేపటికి దాని ముక్కు రంధ్రాల్లోంచి బొట్లు ఊరి, కొన మీదుగా జారాయి. పక్కదానికీ అంతే. దాని పక్కదానికీ అంతే. ఇవి ఏడవడం లేదు! సముద్రం తాగి బతికే పక్షులు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఇలా ముక్కులోంచి బయటికి పంపుతున్నాయి. ఈ సంగతి తెలియక, ఏడ్చే పక్షే రాకుమారుడనుకుని వీరులందరూ బలైపోయారు.

'అయితే ఏడవని పక్షి ఏది?' అని ఆమె వెతకసాగింది. ఉప్పు నడుముకు వచ్చింది. ఊపిరి తీస్తే పక్కటెముకలు నొక్కుకుంటున్నాయి. పొద్దు పడమటికి దిగుతోంది. అప్పుడు, దూరంగా ఒక రాతి గుంట పక్కన, ఎముకల గూడులాంటి ఒక పక్షి కనిపించింది. ఎప్పుడో కురిసిన వాన తాలూకు తడి ఆ గుంట అడుగున ఉన్నది. పక్షి దానిని నాకుతోంది. దాని ముక్కు పొడిగా ఉన్నది.

కాని నడుము దాకా ఉప్పు పట్టిన తరళ కదలలేకపోయింది. ఆ పక్షి ఆమెవైపు చూసి ముఖం తిప్పుకుంది.

"అన్నయ్యా! నేను రాలేను. నువ్వే రావాలి" అన్నది తరళ. పక్షి రాలేదు.

ఆమె సొరకాయ బుర్ర మూత తీసి, ఉన్న నాలుగు గుక్కల నీళ్ళూ దోసిట్లో పోసుకుని ముందుకు చాచింది. చుట్టూ ఉన్న పక్షులు తలతిప్పి కూడా చూడలేదు. సముద్రమంతా తమదైనప్పుడు వాటికి ఆ నీళ్ళెందుకు? ఉప్పు రొమ్ము దాకా వచ్చింది. పొద్దు అంచు సముద్రాన్ని తాకింది. వేళ్ళ సందుల్లోంచి నీరు బొట్లుబొట్లుగా కారిపోతోంది.

రాతి దగ్గరి పక్షి ఒక అడుగు వేసింది. ఆగింది. మరో అడుగు. తర్వాత ఉన్నట్టుండి రెక్కలు కొట్టుకుంటూ వచ్చి దోసిట్లో ముక్కు ముంచి, ఆత్రంగా తాగసాగింది. తరళ దానిచుట్టూ వేళ్ళు మూసింది.

"ఇతనే మా అన్న!"

క్షణంపాటు ఏమీ జరగలేదు. ఆ క్షణం ఆమెకు యుగంలా తోచింది. మరుక్షణం ఆమె ఒంటి మీది ఉప్పు పెళపెళ విరిగి రాలింది. ఆమె చేతుల్లో తల పెట్టుకుని, చిక్కి శల్యమైన చంద్రకేతుడు ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒడ్డున వీరులు ఒక్కొక్కరే నిద్రలేచినట్టు కళ్ళు నులుముకున్నారు.

లవణాక్షి రాతి దిగి వచ్చింది. "దాహంతో చచ్చిపోతూ కూడా సముద్రం ఎందుకు తాగలేదురా నువ్వు?" అని రాకుమారుణ్ణి అడిగింది.

"తాగితే నిజంగానే పక్షినైపోతానని భయం వేసింది తల్లీ" అన్నాడు చంద్రకేతుడు. "ఖాళీ గూళ్ళ చుట్టూ తల్లి పక్షులు తిరుగుతూ అరిచేవి. పక్షిని గనక ఆ అరుపులు నాకు అర్థమయ్యేవి. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు."

"శాపం తీరింది. మీ రాజ్యం మీద ఉప్పుగాలి ఆగుతుంది" అన్నది యక్షిణి. "కాని రేపు ఇంకో ఓడ వస్తే? ఇంకో రాజు కొడుక్కు సరదా పుడితే?"

తరళ కాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడింది. "ఏటా గుడ్లు పెట్టే కాలంలో నేనే ఓడ తెచ్చి ఇక్కడ కాపలా ఉంటాను. బతికున్నంత కాలం వస్తాను."

లవణాక్షి ఆమెను తేరిపార చూసింది. "ఇంతమంది వచ్చారు. నా పిట్టల ముఖాల్లోకి చూసినదానివి నువ్వొక్కతివే. నీ మాట నమ్ముతున్నాను" అని అలల్లోకి నడిచి మాయమైంది.

ఆ రాత్రి దీవి మీద కురిసిన వాననీళ్ళు పట్టుకుని, చుక్కాని బాగుచేసుకుని, వీరులను కూడా ఎక్కించుకుని వారు తిరుగుముఖం పట్టారు. వారి ఓడ శంఖద్వారపు రేవు చేరిన రోజున అక్కడ కుండపోతగా వాన కురుస్తోంది. వీధుల్లో ఉప్పు కరిగి కాలువలుగా సముద్రంలోకి పోతోంది. జనం వాన నీళ్ళు దోసిళ్ళతో తాగుతూ ఎదురొచ్చారు. వీరకేతుడు కొడుకునూ కూతురినీ ఒకేసారి కౌగిలించుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పోలయ్య విరిగిన చేతిని రాజవైద్యులు కట్టుకట్టి సరిచేశారు. నేలమీది రాజ్యానికి చంద్రకేతుడినీ, రేవులకూ ఓడలకూ తరళనూ అధిపతులుగా రాజు ప్రకటించాడు.

తర్వాత తరళను పెళ్ళాడతామని ఎందరో రాకుమారులు వచ్చారు. ఆమె అందరికీ ఒకటే షరతు పెట్టింది: తనతో పక్షుల దీవికి వచ్చి, పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకేదాకా కదలకుండా కూర్చోవాలి. కొందరు ఎండకు లేచారు. కొందరు ముక్కుపోట్లకు లేచి పరుగెత్తారు. సింహగిరి రాకుమారుడు మణిమంతుడు మాత్రం పక్షులు నెత్తిమీద పొడిచినా, కిరీటం మీద రెట్ట వేసినా కదలలేదు. చీకటి పడ్డాక తరళ వెళ్ళి, "లేవండి, పొద్దు గుంకింది" అన్నది.

"ఉండండి, ఈ గుడ్డులోంచి ఏదో పొడుస్తోంది" అన్నాడు అతను తల తిప్పకుండా.

తరళ నవ్వి అతని పక్కన కూర్చుంది. ఆ ఏడే వారి పెళ్ళి వైభవంగా జరిగింది. ఆ దంపతులు సముద్రాన్ని ఏలినంత కాలం ఆ దీవిలో ఒక్క గూడూ ఖాళీ కాలేదు, ఈ తీరాన ఒక్క బావీ ఉప్పనకాలేదు.